నేల అందరిదీ, పంట ఎవరిదో చెప్పాలి

ఒక పాట బాణీ మరో పాటను పోలి ఉందనగానే 'దొంగతనం' అనేయడం పరిపాటి అయిపోయింది. ఈ తొందరపాటు సరికాదని మా అభిప్రాయం. అలాగని, పోలిక సహజమేనన్న సాకుతో అసలు కర్త పేరును మరుగుపరచడమూ న్యాయం కాదు.

ఉర్దూ కవితా సంప్రదాయం ఈ విషయంలో ఏనాడో హద్దులు గీసింది. తరహీ ముషాయిరాలో ఒక మిస్రా ఇస్తారు. కవులందరూ అదే ఛందస్సులో, అదే ఖాఫియా రదీఫ్‌లతో గజల్ చెబుతారు. ఆ 'జమీన్' ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరికి ఒకే భావం తడితే అది 'తవారుద్'. తెలిసి తీసుకుని తనదని చెప్పుకుంటే అది 'సర్ఖా', అంటే చౌర్యం. సంగీతానికీ ఇదే కొలబద్ద. రాగం జమీన్ వంటిది. అందులో పండిన బందిష్ మాత్రం ఒకరి కష్టార్జితం.

2023లో విడుదలైన 'పొన్నియిన్ సెల్వన్-2' చిత్రంలో ఏ.ఆర్. రహమాన్ కూర్చిన 'వీర రాజ వీర' పాటపై ఇటువంటి వివాదమే నడిచింది. తమ తండ్రి ఫయ్యాజుద్దీన్ డాగర్, ఆయన సోదరుడు జహీరుద్దీన్ డాగర్ కూర్చిన 'శివస్తుతి'యే దానికి మూలమని ధ్రుపద్ గాయకులు ఉస్తాద్ వాసిఫుద్దీన్ డాగర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. రెండూ అడాణా రాగంలోనివే. చిత్రంలో డాగర్ల సంప్రదాయాన్ని పేర్కొన్నారు గానీ ఆ సోదరుల పేర్లు వేయలేదు. 2025 ఏప్రిల్‌లో ఏకసభ్య ధర్మాసనం వారి పేర్లు వేయాలని, రెండు కోట్ల రూపాయలు డిపాజిట్ చేయాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సెప్టెంబరులో డివిజన్ బెంచి దాన్ని రద్దు చేసింది. పాడినంత మాత్రాన కర్తృత్వం రుజువు కాదన్నది ఆ బెంచి చెప్పిన ముఖ్య కారణం.

మనం గ్రహించవలసింది ఇక్కడే ఉంది. మన ఉస్తాదుల విద్య సీనా బ సీనా వచ్చింది. ఫలానా బందిష్ ఫలానా వారు ఫలానా ఏట కట్టారని రాసిపెట్టుకున్న ఇళ్ళు బహు తక్కువ. కాగితం లేనివాడి హక్కు కచేరీలో నిలవడం కష్టం. అందుచేత ఇంట్లో ఖవ్వాలీ, మర్సియా కట్టే పెద్దలుంటే వారి పేరు, తేదీ నేడే రాసిపెట్టండి, గొంతు రికార్డు చేయండి.

ఇతరులను వేలెత్తి చూపేముందు మన జల్సాలనూ చూసుకోవాలి. సినిమా బాణీకి నాత్ అల్లి, ఆ తర్జ్ ఎవరిదో చెప్పకుండా పాడేస్తున్నాం. కొలతల్లో మోసం చేయవద్దని హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తమ జాతిని హెచ్చరించిన వృత్తాంతం మన పిల్లలందరికీ తెలుసు. ఒకరి శ్రమను వారి పేరు లేకుండా వాడుకోవడమూ తూకంలో తగ్గించి ఇవ్వడమే. పాడేముందు పేరు చెప్పడానికి పైసా ఖర్చు కాదు.