మనం బదనికలమా?

ఉగాది సభలో ఒక పెద్దాయన మనందరినీ బదనికలతో పోల్చారు. సొంత నేల విడిచి, పరాయి చెట్టెక్కి, దాని రసం పీల్చి బతుకుతున్నామట. మన పిల్లలకైతే వేళ్ళే లేవట. సభ చప్పట్లు కొట్టింది. మేము కొట్టలేదు.

పరాన్నజీవులంటే ఏమిటో వైద్యులుగా మాకు కొంత తెలుసు. ఒకే మాటతో రెండు వేరువేరు బతుకుల్ని పిలవడం వల్ల వచ్చిన చిక్కిది. మామిడికొమ్మ మీది బదనిక కొమ్మలోకి చొచ్చుకుపోయి నీళ్ళూ లవణాలూ లాక్కుంటుంది. బెరడును పట్టుకుని వేలాడే ఆర్కిడ్‌నీ మనవాళ్ళు బదనికే అన్నారు. కాని అది చెట్టును అడిగేది నిలవడానికి చోటు మాత్రమే. వానచుక్క, మంచు, రాలి చివికిన ఆకు, గాలి తెచ్చిన దుమ్ము, ఇవే దాని తిండి. వేళ్ళు లేకపోవడమేమిటి? దాని వేళ్ళకు స్పంజిలాంటి పొర ఉంటుంది. వాన పడిన కాసేపట్లోనే నీటిని పట్టి ఉంచుతుంది.

ఇది ఉష్ణమండలపు వర్షారణ్యాల ముచ్చటే అనుకోకండి. ఒక ఆదివారం ఆక్లాండుకు పడమట ఉన్న వైటాకెరె కొండలకు వెళ్ళి తలెత్తి చూడండి. కొమ్మల మీద పెద్ద పక్షిగూళ్ళలా కనిపించేవి కహకహ గుబుర్లు. వాటి ఆకుల మొదళ్ళలో నీరు నిలుస్తుంది. వేళ్ళ మధ్య ఆకులు చివికి మట్టవుతాయి. ఆ మట్టిలో పూకా మొలిచి, వేరును నేలదాకా దింపుతుంది. ఒకరు పోగుచేసిన మట్టి మరొకరికి ఆధారమైంది.

మరి రాటా మాటేమిటంటారు. రిము చెట్టు మీద మొలిచి, దాన్ని వేళ్ళతో చుట్టేసి, చివరికి తానే మహావృక్షమవుతుంది కదా? అవుతుంది. వెలుగు కోసం పోటీ పడదని మేమనం. కాని రిము రసం తాగదు. వలస వచ్చి ఈ అడవిని నిజంగా తినేస్తున్నది పాసమ్. బొచ్చు వ్యాపారం కోసం 1837లో దాన్ని ఆస్ట్రేలియా నుంచి మొదట తెచ్చి వదిలారు. రాటా ఆకుల్ని మేసి మేసి చెట్లను నిలువునా ఎండగడుతున్నది.

మనం పనిచేసి, పన్ను కట్టి బతుకుతున్నాం. ఎవరి రసమూ తాగడంలేదు. అయితే కహకహలా మట్టి పోగుచేస్తున్నామా అని అడిగితే మాత్రం తల దించుకోవాలి. ఏడాదికి రెండు పండుగలతో మట్టి పోగవదు. ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడని మనమే సభకొచ్చి వాళ్ళకు వేళ్ళు లేవని వాపోవడం అన్యాయం. తప్పు పిల్లలది కాదు, పెద్దలది.