వోటుహక్కునకు శిలారూపము

1919 ఫిబ్రవరిలో మదనపల్లెయందు రవీంద్రుని జనగణమనకు స్వరములు వ్రాసిన మార్గరెట్ కజిన్సమ్మగారిని మీ రెఱుగుదురు. ఆమె స్త్రీల వోటుహక్కుకై లండనునను, ఐర్లండునను చెఱసాల కేగినదనియు, 1917 డిసెంబరులో సరోజినీదేవి ముందునడువ, చెన్నపట్టణమున మాంటేగుదొరకు విన్నవించిన స్త్రీబృందమును సమకూర్చిన దామెయే యనియు నెఱిగినవారు తక్కువ.

ఆ యుద్యమమునకు మదనపల్లెలో శిల్పము నిలుపుదమన్నచో, ఎత్తుపీఠముపై దొరసాని నొక్కర్తెను నిలుపుట మాకు సమ్మతము గాదు. 1921లో చెన్నరాజధాని స్త్రీలకు వోటిచ్చినను, అది ఆస్తియో పన్నో గలవారికే. పుంగనూరులో ఆవును పిదికి యిల్లు గడుపు నిల్లాలికి, తన పేర నేమియు లేనిచో, వోటును లేదు. 1935 నాటి చట్టము చదువుకొన్నవారిని, కొందఱు ఆస్తిపరుల భార్యలను చేర్చెను. మగని భూమినిబట్టి ఆలికి వోటట! ఎల్లరకు హక్కు గలుగుటకు 1950 నాటి రాజ్యాంగము రావలసివచ్చెను.

కావున కుప్పముప్రాంతపు నల్లఱాతితో, పీఠము లేక నేలపైననే, సమానమగు నెత్తున మువ్వురిని మలచవలెను: అర్జీ పట్టినది, పుస్తకము పట్టినది, వట్టిచేతుల కూలిపడుచు. కజిన్సమ్మగారి పేరు ప్రక్కన తెలుగున చెక్కిన చాలును. 1962 మొదలు వాడుకనున్న సిరాగుర్తి ఆ కూలిపడుచు వ్రేలికే యుండవలెను. నల్లఱాతిపై నల్లచుక్క కానరాదు గదా యందురేమో! అచ్చట చిన్నగుంట తొలిపింతము. పిల్లలు వ్రేలుపెట్టి చూతురు.