పులిగూడు నుంచి కొంగల లోయ దాకా...

విమానం పారో లోయలోకి దిగేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఊపిరి బిగబట్టాల్సిందే. రెండువైపులా కొండలు, వాటి వాలులో చెక్క కిటికీల ఇళ్లు. కోతల కాలంలో అయితే ఆ ఇళ్ల కప్పుల మీద ఆరబోసిన ఎర్రటి మిరపకాయలూ కనిపిస్తాయి! దారి అంత ఇరుకు కాబట్టే ఇక్కడ విమానం దించడానికి ప్రత్యేక శిక్షణ పొందిన కొద్దిమంది పైలట్లకే అనుమతి. అదీ ఎక్కువగా పగటి వెలుతురులోనే.

ఆ మిరపకాయల సంగతీ చెప్పుకోవాలి. మనం కూరలో మిరపకాయలు వేస్తే భూటాన్‌వాళ్లు మిరపకాయల్నే కూర వండుకుంటారు. జున్నులాంటి చీజ్‌తో కలిపి చేసే ఆ కూర పేరు ఎమా దత్శి. గుంటూరు కారానికి అలవాటుపడ్డవాళ్లు కూడా పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టుకోవడం మంచిది.

విస్తీర్ణంలో తెలంగాణలో మూడోవంతు, జనాభా ఎనిమిది లక్షల లోపు. అంత చిన్న దేశంలో అందరూ ముందుగా చూడాలనుకునేది తాక్‌సాంగ్, అంటే పులిగూడు. ఎనిమిదో శతాబ్దంలో పద్మసంభవుడు ఆడపులి మీద ఎగురుతూ వచ్చి ఇక్కడి గుహలో ధ్యానం చేశాడని నమ్మకం. ఆ గుహ చుట్టూ 1692లో ఆలయం కట్టారు. సముద్రమట్టానికి 3,120 మీటర్ల ఎత్తులో, నిట్టనిలువు కొండకు అతుక్కున్నట్టు ఉంటుందది. సగం దూరం గుర్రం మీద వెళ్లొచ్చు. తర్వాత ఎవరైనా సరే నడవాల్సిందే. పైన్ చెట్ల మధ్య రెండు మూడు గంటలు ఎక్కాక ఎదురుగా ఆలయం కనిపిస్తుంది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మెట్లు... కిందికి కొన్ని వందలు, జలపాతం పక్కనుంచి పైకి ఇంకొన్ని! ఫోన్లూ కెమెరాలూ గుమ్మం దగ్గరే ఇచ్చేయాలి. 1998లో మంటల్లో ఆలయం చాలావరకూ కాలిపోయింది. పాత పద్ధతిలోనే మళ్లీ కట్టి 2005 నాటికి పూర్తిచేశారు. ఇప్పుడు చూస్తే తేడా తెలియదు.

రాజధాని థింపూలో ట్రాఫిక్ సిగ్నల్ లైట్లుండవు. కూడలిలో పోలీసు నృత్య ముద్రల్లా చేతులూపుతూ వాహనాల్ని పంపిస్తుంటాడు. అది సరదాగా ఉంటుంది కానీ, థింపూలో ఒక్కరోజు చాలు. మిగిలిన సమయం పునాఖాకి ఇవ్వాలి. దోచులా కనుమలో 108 స్తూపాల్నీ, ఆకాశం తేటగా ఉంటే వాటి వెనక మంచుకొండల్నీ చూసుకుంటూ కిందికి దిగితే వస్తుంది పునాఖా కోట. ఇక్కడ కోటని జోంగ్ అంటారు. సగం ప్రభుత్వ కార్యాలయం, సగం బౌద్ధమఠం. ఫో చు, మో చు అనే నదులు కలిసేచోట 1637-38లో కట్టారు. ఒకటి మగ నది, ఒకటి ఆడ నది అని స్థానికులు చెబుతారు. వసంతంలో గోడల పక్కన జకరాండా చెట్లు ఊదారంగు పూలతో నిండిపోతాయి. 2011లో రాజుగారి పెళ్లి ఇక్కడే జరిగింది.

కానీ ఆ మగ నదికి కోపం ఎక్కువ. 1994 అక్టోబరులో ఎక్కడో పైన లునానాలో మంచు కరిగి ఏర్పడిన సరస్సు ఒకటి గట్టు తెంచుకుంది. ఆ వరదలో 20 మందికి పైగా చనిపోయారు, కోట కూడా దెబ్బతింది. అలాంటిదే మరో సరస్సు, థోర్‌థోర్మి, అదే లునానాలో ఉంది. యంత్రాలు వెళ్లే దారి లేదు. అందుకే 2009 నుంచి 2012 వరకూ ఏటా వేసవిలో వందలమంది కూలీలు రోజుల తరబడి నడిచి అక్కడికి వెళ్లారు. గడ్డకట్టించే నీళ్లలో నిలబడి గునపాలు, పారలతో రాళ్లు తవ్వి, సరస్సు మట్టాన్ని ఐదు మీటర్లు తగ్గించారు! నది పొడవునా హెచ్చరిక సైరన్లూ పెట్టారు. పునాఖా వేలాడే వంతెన మీద నిలబడి ఫొటోలు దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి.

అక్కడి నుంచి ఫోబ్జిఖా లోయ కొన్ని గంటల ప్రయాణం. చలికాలంలో టిబెట్ నుంచి నల్లమెడ కొంగలు వచ్చి ఈ చిత్తడి నేలలో దిగుతాయి. వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ గాంగ్తే మఠం చుట్టూ ప్రదక్షిణ చేస్తాయని ఊరివాళ్లు చెబుతారు. ఎగిరేటప్పుడు తీగలు తగలకూడదని లోయలో కరెంటు తీగల్ని భూమిలోంచి వేశారు.

మనవాళ్లకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే చాలు. అయితే 2022 నుంచి భారతీయులూ రోజుకి తలకి రూ.1,200 చొప్పున రుసుము కట్టాలి, 6-12 ఏళ్ల పిల్లలకి అందులో సగం. రైల్లో వెళ్లేవాళ్లు బెంగాల్‌లోని హాసిమారాలో దిగి, జైగావ్ మీదుగా సరిహద్దు పట్టణం ఫుంత్‌షోలింగ్ చేరుకోవచ్చు. కొంగల్ని చూడాలనుకుంటే నవంబరు తర్వాత బయల్దేరాలి, స్వెటర్లు మాత్రం రెండేసి పెట్టుకోవాలి.