వాళ్ళను ఎవరడిగారు?

పిల్లలు రంగులరాట్నం ఎక్కి గిరగిరా తిరుగుతుంటే భూమిలోని నీళ్ళు పైకొచ్చి ట్యాంకు నిండుతుంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ‘ప్లేపంపు’ ఇదే. వింటే ఎవరైనా మురిసిపోతారు. ప్రపంచ బ్యాంకూ మురిసిపోయి 2000లో బహుమతి ఇచ్చింది. 2006లో అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. 2010 నాటికి పది దేశాల్లో 4,000 పంపులు పెట్టాలన్నది లక్ష్యం.

తిరగాల్సిన పిల్లలకు బడి ఉంటుంది, ఆకలి ఉంటుంది, విసుగూ ఉంటుంది. వాళ్ళు దిగిపోయాక చక్రం తిప్పాల్సింది తల్లులే. నడుం వంచి ఇనుప చక్రాన్ని తోసుకుంటూ తిరగడం కంటే పాత చేతిపంపు కొట్టుకోవడమే నయమని మొజాంబిక్‌లో ఆడవాళ్ళు మొత్తుకున్నారు. కొన్ని ఊళ్ళలో ఆ చేతిపంపును పీకేసి మరీ దీన్ని బిగించారు. ధర మామూలు పంపుకు దాదాపు నాలుగింతలు. చెప్పినంత మందికి నీళ్ళివ్వాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్కకట్టింది. లక్ష్యానికి చాలా దూరంలోనే ఆ పథకం ఆగిపోయింది. బిందె మోసే మనిషిని ముందే అడిగుంటే ఇదంతా మొదట్లోనే తేలిపోయేది.

ఇప్పుడు సాయం సంస్థలవాళ్ళందరూ ఊరిని అడుగుతున్నామనే అంటారు. ఊరివాళ్ళ చేత మట్టి మోయించి, తలా కొంత చందా వేయించి, ఒక కమిటీ వేసి, దాన్నే ప్రజల భాగస్వామ్యం అంటున్నారు. నాకైతే అది కూలి డబ్బులు మిగుల్చుకోవడంలా కనిపిస్తుంది.

నిజంగా అడిగి చేసిన పనీ ఒకటుంది. ఆఫ్రికా దేశమైన మలావీలోని చింగాలేలో 1968లో కొండవాగు నీటిని పంపుల అవసరం లేకుండా గొట్టాల్లో పల్లానికి దింపే పథకం మొదలైంది. ఇంజనీరు లిండ్సే రాబర్ట్‌సన్, ప్రభుత్వ సిబ్బంది ముందు ఊరి పెద్దలతో, జనంతో సభలు పెట్టారు. వాళ్ళు సరేనన్నాకే పని మొదలైంది. గొట్టాలు వేసే కందకాలు ఊరివాళ్ళే తవ్వుకున్నారు. 1980ల చివరికల్లా దేశంలో ఇదే పద్ధతిలో సుమారు పది లక్షల మందికి నీళ్ళు చేరాయి. సాయం సంస్థలన్నీ మలావీని చూపించి పాఠాలు చెప్పాయి.

కానీ 2000లో వెలువడిన ఒక అధ్యయనం అక్కడి పథకాల్లో సగం సరిగ్గా నడవడం లేదని తేల్చింది. చిన్నవి, కొత్తవి బాగానే ఉన్నాయి. పెద్దవే కుంటుతున్నాయి. కమిటీకి కుళాయి మార్చడం, చిన్న లీకు కట్టడం చేతనవుతుంది. మైళ్ళ కొద్దీ సాగే ప్రధాన గొట్టం పగిలితే సామాను కావాలి, డబ్బు కావాలి, ఇంజనీరు రావాలి. ‘పథకం మీదే’ అని అప్పగించినవాళ్ళు అప్పటికి పక్కకు తప్పుకున్నారు. ఊరు మాట తప్పలేదు. హైదరాబాదులో మంచినీటి గొట్టం పగిలితే కాలనీవాళ్ళను తవ్వుకోమంటామా? పేదవాడి నీళ్ళకే ఈ స్వయంసేవ నియమం ఎందుకో!

చేతిపంపుల కథా ఇంతే. మనం బోరింగు అని పిలుచుకునే ఇండియా మార్క్-2 చేతిపంపు ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఉంది. వాషరు అరిగితే గొట్టాలన్నీ పైకి లాగాలి. ఆ అవస్థ మన పల్లెలకు కొత్త కాదు. అందుకే 1980ల్లో మలావీ, కెన్యాల్లో ‘ఆఫ్రిడెవ్’ పంపును రూపొందించారు. గొట్టాలు లాగకుండానే ఊరి ఆడవాళ్ళే వాషర్లు మార్చుకోవచ్చు. తెలివైన పంపు. కానీ ఆ వాషరు దగ్గర్లో ఏ అంగట్లోనూ దొరక్కపోతే దానికీ అదే గతి. సహారాకు దిగువనున్న 20 దేశాల్లో ప్రతి మూడు చేతిపంపుల్లో ఒకటి పనిచేయడం లేదని 2009 నాటి అంచనా.

మనవాళ్ళలోనూ, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్ళలో, పెద్దల పేరు మీదో పిల్లల పుట్టినరోజుకో ఇలాంటి పంపులకు డబ్బు పంపేవాళ్ళుంటారు. పంపండి. ప్రారంభోత్సవం ఫొటోలు మాత్రం అడగకండి. రెండు సంగతులు అడగండి: ఊరివాళ్ళు వద్దంటే మీరు ఆగుతారా? ఐదేళ్ళ తర్వాత చెడిపోతే వాళ్ళు ఎవరిని పిలవాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? సూటిగా జవాబు చెప్పని సంస్థకు రూపాయి కూడా ఇవ్వకండి.