హైడ్రోజను కేంద్రములు - రైతు వాటా

“సముద్రపుటొడ్డున కట్టు హైడ్రోజను కేంద్రముతో మా వరిచేనికేమి పని?” అని ఒక పెద్దరైతు ఇటీవల నన్నడిగిరి. పని చాల ఉన్నది.

గాలిలోని నత్రజనిని హైడ్రోజనుతో కలిపిన అమ్మోనియా వచ్చును. 17 కిలోల అమ్మోనియాలో 3 కిలోలు హైడ్రోజనే. నత్రజని ఎరువులకు మూలమీ అమ్మోనియాయే. నేడు మన ఫ్యాక్టరీలు ఈ హైడ్రోజనును ముఖ్యముగా సహజవాయువునుండి తీయుచున్నవి. ఆ వాయువులో పెద్దభాగము విదేశములనుండి రావలసియున్నది. అక్కడ ధర పెరిగినచో ఇక్కడ ప్రభుత్వముపై ఎరువుల రాయితీ భారము పెరుగును.

ఎండనుండి, గాలినుండి తీసిన విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజనును పొందుట రెండవ మార్గము. విద్యుత్తుతో నీటిని విడగొట్టుట మనకు క్రొత్త కాదు. 1960 దశకములో పంజాబులోని నంగల్ ఎరువుల ఫ్యాక్టరీ భాక్రా జలవిద్యుత్తుతో ఇట్లే చేసినది.

2023 జనవరిలో కేంద్రప్రభుత్వము 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజను మిషన్‌ను ఆమోదించినది. దీని క్రింద తొలి కేంద్రమునకు అనకాపల్లి జిల్లా పూడిమడకవద్ద 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. దినమునకు 1,500 టన్నుల హైడ్రోజను లక్ష్యము. సరుకు ముఖ్యముగా ఎగుమతికని ప్రకటించిరి.

ఎగుమతి మంచిదే. కాని ప్రజాధనము పొందిన కేంద్రము మొదట మన ఎరువుల ఫ్యాక్టరీల అవసరము తీర్చవలెనని నా అభిప్రాయము. ఇందుకు దారి ఏర్పడియే ఉన్నది. 13 ఎరువుల ఫ్యాక్టరీలకై సాలుకు 7,24,000 టన్నుల హరిత అమ్మోనియా కొనుటకు 2025లో వేలము జరిగినది. ఉత్పత్తిదారునకు మొదటి యేట కిలోకు 8 రూపాయల 82 పైసల సహాయము కలదు. ఇటువంటి ఒప్పందములు మన తీరపు ఫ్యాక్టరీలకు ఇంకను పెరుగవలెను. యూరియా మాత్రము వెంటనే చౌకపడునని ఆశింపరాదు. దాని తయారీకి బొగ్గుపులుసువాయువు కూడ కావలెను. హరిత అమ్మోనియా ముందుగా డి.ఎ.పి., కాంప్లెక్సు ఎరువులకు ఉపకరించును.

నీటి సంగతి మరువరాదు. కిలో హైడ్రోజనుకు కనీసము 9 లీటర్ల శుద్ధజలము కావలెను. 1,500 టన్నులకు దినమునకు 1 కోటి 35 లక్షల లీటర్లు. అనగా సుమారు 65 ఎకరముల వరికి రెండంగుళముల తడి. కనుక తీరపు కేంద్రములు సముద్రజలమును శుద్ధిచేసియే వాడవలెను. ఏలేరు కాలువ నీటిని ఆశింపరాదు.

సౌరవిద్యుత్తుకు భూములడిగినపుడు గ్రామాధికారులు బంజరును, పశువుల మేతబీడును, చెరువు శిఖమును రికార్డులలో వేరువేరుగా చూపవలెను. రైతులు గ్రామసభకు వచ్చి తమ మాట చెప్పవలెను. అడిగిన రైతుకే వాటా దక్కును.