కింద పేరు లేని కార్లు

నా దగ్గర 214 బొమ్మ కార్లున్నాయి. అన్నీ లోహంతో పోతపోసిన డై-కాస్ట్ కార్లే. వాటిలో ఒక్కటి కూడా ఒరిజినల్ కాదు.

బెంగళూరులో మా ఆఫీసులో ఈ మాట చెబితే నవ్వారు. మా టీమ్‌లో ఇద్దరు హాట్ వీల్స్ కలెక్టర్లున్నారు. ఏ యాప్‌లో కొత్త స్టాక్ ఎప్పుడు దిగుతుందో అలారం పెట్టుకుని మరీ కొనే రకం. రేర్ పీస్ దొరికితే ప్యాకెట్ కూడా విప్పరు. "డూప్లికేట్లు ఎవడన్నా కలెక్ట్ చేస్తాడా బ్రో?" అన్నాడు ఒకడు. నేను రోజూ రాసే కోడ్‌లో సగం ఎక్కడో చూసి దించిందే కాబట్టి, నాకు ఆ మాట పెద్దగా తగల్లేదు.

డూప్లికేట్‌ని పట్టుకోవడం తేలిక. కారు తిప్పి కింద చూడండి. ఒరిజినల్ హాట్ వీల్స్ అయితే పొట్ట కింద మోడల్ పేరు, మాటెల్ పేరు, ఒక సంవత్సరం ఉంటాయి. (ఆ ఏడాదే కారు తయారైందని చాలామంది పొరబడతారు. అది డిజైన్ తాలూకు కాపీరైట్ సంవత్సరం.) నా కార్ల కింద 'మేడ్ ఇన్ చైనా' అని మాత్రమే ఉంటుంది. కొన్నింటికి అదీ లేదు, నున్నటి ప్లాస్టిక్ ముక్క, అంతే. ప్యాకెట్ మీద మంటల బొమ్మ అచ్చం అలాగే ఉంటుంది, పేరులో ఒక అక్షరం మాత్రం అటూ ఇటూ అవుతుంది.

ఇంకో గుర్తు ఉంది. ఇంజినీరింగ్ చదివిన పాపానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఈ కార్లకి వాడే లోహాన్ని జమాక్ అంటారు. జింకులో కాస్త అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన మిశ్రమం. 385 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిందాన్ని ఉక్కు అచ్చులోకి గట్టిగా నెడితే క్షణాల్లో గడ్డకడుతుంది. చల్లారేటప్పుడు పిసరంత కుంచించుకుంటుంది. అసలు కంపెనీ ఆ లెక్క వేసుకుని అచ్చుని కొంచెం పెద్దదిగా చేయించుకుంటుంది. తయారైన కారు మీంచే అచ్చు తీసేవాడికి ఆ లెక్క అక్కర్లేదు. దాంతో వాడి కారు ఇంకోసారి కుంచించుకుంటుంది. ఒకే మోడల్‌లో ఒరిజినల్‌నీ కాపీనీ పక్కపక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచాను. ఏడున్నర సెంటీమీటర్ల కారులో దాదాపు అర మిల్లీమీటరు తేడా వచ్చింది. డోరు గీతలు మొద్దుబారాయి. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు.

ఒరిజినల్స్ చరిత్ర అంతా రాసిపెట్టి ఉంది. ఇంగ్లండులో జాక్ ఓడెల్ కూతురు చదివే స్కూల్లో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తెచ్చుకోవచ్చని రూలట. ఆయన చిన్న రోడ్డు రోలరు చేసిచ్చాడు. దాన్నుంచే 1953లో మ్యాచ్‌బాక్స్ పుట్టింది. 1968లో అమెరికా నుంచి మాటెల్ వాళ్లు హాట్ వీల్స్‌తో పోటీకి దిగారు. 1982లో మ్యాచ్‌బాక్స్ కంపెనీ దివాలా తీసింది, 1997లో ఆ పేరు మాటెల్ చేతికే వచ్చింది. మన దేశంలో 'లియో' పేరుతో తయారైన పాత హాట్ వీల్స్ కోసం ఇవాళ విదేశీ కలెక్టర్లు వెతుక్కుంటున్నారు. అంతా బాగుంది. కానీ మా ఊరి పిల్లల చేతుల్లో తిరిగిన కార్లు ఏ షెడ్డులో పోశారో, ఎవరు రంగేశారో రాసిన పుస్తకం నాకు ఒక్కటీ దొరకలేదు.

మాది మదనపల్లె. పుంగనూరు పేరు చెబితే మీకు పొట్టి ఆవు గుర్తొస్తుందేమో, నాకు సుగుటూరు గంగమ్మ జాతర గుర్తొస్తుంది. 2005లో నేను మూడో తరగతి. నాయన టమోటా మండీలో గుమాస్తా, రోజుకి ఎనభై రూపాయలు. జాతరలో ఒకాయన నేల మీద పట్ట పరిచి బొమ్మలు కుప్పగా పోసి "ఏదెత్తుకున్నా పది, ఏదెత్తుకున్నా పది" అని అరుస్తున్నాడు. నేను నీలం కారు ఎత్తుకున్నాను. డోరు మీద ఏడు అంకె, స్టిక్కర్ కాస్త వంకరగా అతికించి ఉంది. నాయన దాన్ని అరచేతి మీద అటూ ఇటూ దొర్లించి, చక్రాలు ఇరుక్కోలేదని చూసుకుని, అప్పుడు డబ్బులిచ్చాడు.

సోమవారం స్కూలుకి తీసుకెళ్లాను. బెంగళూరులో మేనమామ ఉన్న ఒకడు నా కారు తిప్పి చూసి, అందరి ముందూ "కింద పేరు లేదు, ఇది డూప్లికేట్" అన్నాడు. డూప్లికేట్ అంటే ఏంటో నాకు ఆ రోజే తెలిసింది. సాయంత్రం ఇంటికొచ్చి కారు నాయన చేతిలో పెట్టి చెప్పాను. "ఇది డూప్లికేట్ నాయనా, నాకొద్దు."

ఆయన తిట్టలేదు. "సరేలే" అన్నాడు. మరుసటి ఏడు జాతరలో ఆ పట్ట దగ్గర ఆగకుండా నడిచాడు. బొరుగులు, బత్తాసులు కొనిచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఇంకో కారు కొన్నది లేదు. నేనూ అడగలేదు. ఆ నీలం కారు ఏమైందో తెలీదు.

మొదటి జీతంతో ఆరు ఒరిజినల్స్ కొన్నాను. నెల తిరక్కుండా కొలీగ్ కొడుక్కి ఇచ్చేశాను. తర్వాత ఒకసారి మదనపల్లె బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులో దుమ్ము పట్టిన ప్యాకెట్ ఒకటి కనబడింది. అక్కడ మొదలైంది ఈ పిచ్చి.

ఇప్పుడు అవి దొరకడం కష్టం. 2020 ఫిబ్రవరిలో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70కి చేరింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు లేని బొమ్మ అమ్మకూడదు. మా అక్క అయితే మంచి పని చేశారంటుంది. ఆమె కొడుక్కి మూడేళ్లు, ఏది దొరికినా నోట్లోకే. చవక రంగుల్లో సీసం ఉండొచ్చు, ఏ పరీక్షా జరిగి ఉండదు. అక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకే నా కార్లన్నీ తాళం వేసిన అద్దాల బీరువాలో ఉంటాయి. సీసం లాంటివి లోహంలో కలిసినా కష్టమే, ఏళ్లు గడిచేకొద్దీ జమాక్ లోపల్నుంచి పగిలి పొడైపోతుంది. నావి రెండు అలాగే పోయాయి.

మొన్న ఫ్రెండ్ పెళ్లికి రైల్లో కుప్పం వెళ్లాను. స్టేషన్ నుంచి వస్తుంటే ఒక పాత షాపు. ముసలాయన సగం తెలుగు, సగం అరవం మాట్లాడతాడు. పాత బొమ్మ కార్లున్నాయా అని అడిగితే అటక మీంచి అట్టపెట్టె దింపాడు. "ఐఎస్‌ఐ లేదు తంబీ, ఇవి అమ్మేదానికి లేదు. పారేసేదానికి మనసు రాలా. ఊరికే ఎత్తుకో, పిల్లోళ్ల చేతికి మాత్రం ఇయ్యొద్దు." ఊరికే తీసుకోలేక మూడొందలకి పెన్నులు, టార్చిలైటు కొన్నాను. పెట్టెలో 31 కార్లు. అడుగున నీలంది. డోరు మీద ఏడు, స్టిక్కరు ఈసారి తిన్నగా ఉంది.

పెళ్లి అయ్యాక పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సులో ఇంటికెళ్లాను. జేబులో కారు. రాత్రి అన్నాలయ్యాక నాయన చేతిలో పెట్టాను. ఆయన అరచేతి మీద అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, తిప్పి కింద చూశాడు.

"ఇది డూప్లికేట్ కదరా" అన్నాడు.

నాకు మాట రాలేదు. ఆయన దాన్ని టీవీ పక్కన, రిమోట్ పెట్టే చోట పెట్టి పడుకోడానికి వెళ్లాడు.