గోదాలో ఉన్న నీతి మన ఇంట్లో ఉందా?



మొన్న హైదరాబాదు పాతబస్తీలోని కిషన్‌బాగ్‌లో ఒక విశ్వాసుల ఇంట ప్రార్థనకు వెళ్ళాము. ఆ ఇంటి అన్నదమ్ములకు ఒక గోడ విషయంలో మూడేళ్ళుగా మాటల్లేవు. వారి అనుమతితోనే రాస్తున్నాము. ప్రార్థన ముగిశాక పక్కింటి పెద్దాయన మాతో ఒక మాట అన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయన తాలీంఖానాలో కుస్తీ పట్టేవారట. “గోదాల ఈపు నేలకు తగిల్తే కొట్లాట అయిపోతది సార్. వీళ్ళది ఎప్పుడు అయిపోతది?”

ఆ మాట మమ్మల్ని వదలలేదు. కుస్తీలో చేతులు కలిపే దిగుతారు. చిత్తయినవాణ్ణి మళ్ళీ కొట్టరు.

కెనడా, అమెరికాల్లో మంచు మీద ఆడే ఐస్ హాకీలోనూ ఇలాంటి కట్టుబాటే ఉంది. నేషనల్ హాకీ లీగ్‌లో పిడిగుద్దులకు దిగితే ఐదు నిమిషాలు బయట కూర్చోబెడతారు. అది రాసి ఉన్న నియమం. రాయని నియమాలు వేరే ఉన్నాయి. ఎదుటివాడు ఒప్పుకోకుండా మీద పడకూడదు. కర్ర వదిలి, గ్లౌజులు విసిరేసి ముఖాముఖి నిలబడాలి. కిందపడినవాణ్ణి కొట్టకూడదు.

మరి మనము? ఎదుట నవ్వి వెనుక మాట్లాడతాము. వాట్సాప్ గ్రూపులో పేరెత్తకుండా పొడుస్తాము. పడినవాని పాత తప్పులు తవ్వి మళ్ళీ కొడతాము. ముందు ఒంటరిగా వెళ్ళి సహోదరునితో మాట్లాడమని ప్రభువు చెప్పిన మత్తయి 18:15 మనకు కంఠతా వచ్చు, కాళ్ళకే రాదు.

అయితే నియమాలుంటే కొట్లాట మంచిదేనని మేము అనడం లేదు. డెరెక్ బూగార్డ్ అనే హాకీ ఆటగాడికి జట్టు తరఫున కొట్లాడటమే పని. నొప్పి మాత్రలు, మద్యం కలిసి 2011లో 28 ఏళ్ళకే చనిపోయాడు. దెబ్బల వల్ల వచ్చే జబ్బు అతని మెదడులో ఉన్నట్టు తర్వాత పరీక్షలో తేలింది. నియమం దెబ్బను తగ్గిస్తుంది గాని గాయాన్ని మాన్పదు. మన తగవుల్లోకి ఇంకొకరిని ఉసిగొల్పేవారు ఇది ఆలోచించాలి.

గాయాన్ని మాన్పేది ఏమిటో ఆదికాండము 33లో ఉంది. మోసపోయిన ఏశావే ముందుగా పరుగెత్తి వచ్చి తమ్ముణ్ణి కౌగలించుకున్నాడు. ఎవరిది తప్పో తేలేదాకా ఆగలేదు.

ఆ రోజు కిషన్‌బాగ్‌లో అన్న చేయి చాపాడని రాయాలని మాకు ఆశ. చాపలేదు. మళ్ళీ వెళ్తాము. వారి కొరకు ప్రార్థించండి. మీకూ అలాంటి గోడ ఒకటి ఉంటే, ఈ ఆదివారం బల్లలో చేయి వేయకముందే ఆ గడప తొక్కండి.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.